మూడో రోజు కార్యక్రమంలోంచి ఆ మాట తీసేయండి

తెలుగు రాష్ట్రాల నుంచి అండమాన్ యాత్రలు నడుపుతున్న సంస్థల యజమానులకు, నిర్వాహకులకు, టూర్ మేనేజర్లకు ఒక బహిరంగ లేఖ.



ఈ ఎండాకాలం సెలవుల కోసం మీలో ఒకరు వేయించిన రంగుల కరపత్రం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అండమాన్ యాత్ర, అయిదు రాత్రులు, ఆరు పగళ్ళు, విమానం టిక్కెట్లు, ఆంధ్రా భోజనంతో సహా. మూడో రోజు కార్యక్రమం దగ్గర ఇలా ఉంది: "బారాటాంగ్ రోడ్డు ప్రయాణం. సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం. దారిలో అదృష్టం ఉంటే జారవా ఆదిమవాసులను దగ్గర నుంచి చూసే అవకాశం." పక్కన మూడు బొమ్మలు వేశారు. ఒకటి మొసలి, ఒకటి చిలుక. ఆ రెండింటి మధ్య విల్లు పట్టుకున్న మనిషి.

కరపత్రం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ వాక్యం, ఆ బొమ్మ తీసేయమని అడిగాను. అవతలి ఆయన మర్యాదగానే మాట్లాడారు. "జనం అడిగేదే అది మేడమ్. అది తీసేస్తే మూడో రోజు ఏం మిగుల్తుంది?" అన్నారు. ఈసారి గిరాకీ ఎక్కువగా ఉందని, అందుకే రెండు బ్యాచ్‌లు వేస్తున్నామని కూడా చెప్పారు.

ఆయన పేరు గానీ, ఆ సంస్థ పేరు గానీ ఇక్కడ రాయను. తప్పు ఆయన ఒక్కరిదే అయితే ఫోన్‌లోనే తేల్చుకునేదాన్ని. ఆ జవాబు వెనక ఉన్న ఆలోచన మీ వ్యాపారంలో పాతుకుపోయింది కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ దారిలో నేనూ వెళ్ళాను. డబ్బు కట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

రెండేళ్ళ కిందట డిసెంబరులో మేం అయిదుగురం, మా అత్తగారితో సహా, అండమాన్ వెళ్ళాం. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా, సముద్రాన్నీ అడవినీ చూసుకుంటూ కారులో పోవాలన్నది మా ఆయన చిరకాల కోరిక. మూడువందల పైచిలుకు కిలోమీటర్ల అండమాన్ ట్రంక్ రోడ్డు. తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని నిద్రలేపి బయల్దేరాం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు చేరేసరికి మా ముందు బారులు తీరిన బండ్లు. పేర్లు, గుర్తింపు కార్డుల నంబర్లు రాసిచ్చాం. చీకట్లో టీ తాగాం. ఆరింటికి గేటు తీశారు. ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండి, మధ్యలో మేమందరం. బండి ఆపకూడదు, దాటకూడదు, ఫొటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

ఆ అడవి ఎంత గొప్పదో నేను మీకు చెప్పనక్కర్లేదు. ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్న గుర్జన్ చెట్లు, పడౌక్ మానులు, వాటిని పెనవేసుకుని తాళ్ళలా వేలాడే తీగలు, కింద ఎండ పొడ తగలని నేల. అద్దాలు ఎత్తి ఉన్నా తడి ఆకుల వాసన లోపలికి వచ్చింది. మా అబ్బాయి మొదటిసారి ఫోన్ పక్కన పెట్టి బయటికి చూశాడు. అరగంట పాటు, ఇంతకు మించిన ప్రయాణం మా జీవితంలో లేదనుకున్నాను.

ఆ తరువాత మా ముందున్న వ్యాన్ నెమ్మదించింది. దాని వెనక మేమూ నెమ్మదించాం. రోడ్డు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది, చంకలో చంటిబిడ్డ. వ్యాన్‌లో జనమంతా ఒక వైపు కిటికీలకు వచ్చేశారు. ఒక అద్దం కిందికి దిగింది, ఒక చెయ్యి బయటికి వచ్చింది, ఒక బిస్కెట్ల పొట్లం రోడ్డు మీద పడింది. మా డ్రైవరు వెనక్కి తిరిగి, "చూశారా? మీ అదృష్టం బాగుంది" అన్నాడు. ఆవిడ ఆ పొట్లం తీసుకోలేదు. మా వైపు చూడలేదు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఆవిడ మనకేసి ఎందుకు చూడలేదు?" అని మా తొమ్మిదేళ్ళ అమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక ఆ రోడ్డు గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒకటే: టిక్కెట్టు అమ్మేటప్పుడే ఇదంతా మాకు చెప్పవలసినవారు మీరు. అందుకే అడుగుతున్నాను. మీరు అమ్ముతున్న ఆ 49 కిలోమీటర్ల దారి ఎవరి ఇంటి మధ్య నుంచి పోతోందో మీ గైడ్లలో ఎంతమందికి తెలుసు? తెలిసినవారిలో ఎంతమంది దాన్ని యాత్రికులకు చెబుతున్నారు?

వెయ్యికి పైగా చదరపు కిలోమీటర్ల జారవా రిజర్వు అది. అందులో బతికేవాళ్ళు 2011 జనాభా లెక్కల ప్రకారం 380 మంది. మా అపార్ట్‌మెంట్ సముదాయంలో ఒక్క బ్లాకులో అంతకంటే ఎక్కువ మంది ఉంటాం. జారవా అన్నది వాళ్ళు తమకు పెట్టుకున్న పేరు కూడా కాదు. పొరుగు తెగవారి భాషలో దానికి పరాయివాళ్ళు అని అర్థం. తమను తాము ఆంగ్ అని చెప్పుకుంటారు. అడవి పందిని వేటాడి, చేపల్ని విల్లంబులతో కొట్టి, తేనె తీసి బతికే జనం. తేనెపట్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక మొక్క ఆకు నమిలి ఆ రసంతో తేనెటీగల్ని దూరం పెడతారు. వేల ఏళ్ళుగా ఆ అడవి గుట్టు తెలిసినవాళ్ళను మీ కరపత్రం చిలుకకూ మొసలికీ మధ్య కూర్చోబెట్టింది.

ఆ రోడ్డును వాళ్ళు అడగలేదు. 1956లోనే అండమాన్ నికోబార్ ఆదిమ తెగల రక్షణ నిబంధనలు వచ్చాయి. అయినా 1970ల్లో వాళ్ళ అడవి మధ్య నుంచి రోడ్డు పని మొదలుపెట్టారు. వాళ్ళు బాణాలతో ఎదిరించారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. పని ఆగింది, మళ్ళీ సాగింది, 1980ల చివరికి రోడ్డు పూర్తయింది. 1997 చివర్లో వాళ్ళు తమంతట తాము పగటిపూట అడవి దాటి బయటి ఊళ్ళ వైపు రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండా, 1999లో, వాళ్ళలో తట్టు వ్యాపించింది. 2006లో మళ్ళీ వచ్చింది. మన పిల్లలకు టీకాతో పోయే తట్టు, దాన్ని ఎన్నడూ ఎరగని ఒంటికి ప్రాణాంతకం. దగ్గుతూ తుమ్ముతూ బస్సెక్కిన మీ యాత్రికుడు కిటికీలోంచి చెయ్యి చాచినప్పుడు ఆ చేతిలో ఉండేది బిస్కెట్ పొట్లం ఒక్కటే అని మీరు హామీ ఇవ్వగలరా?

బయటివాళ్ళ రాకతో ఏమవుతుందో ఊహించుకోవలసిన పని లేదు. పక్కనే గ్రేట్ అండమానీ తెగల చరిత్ర ఉంది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ ఖైదీల స్థావరం పెట్టే నాటికి వాళ్ళు వేల సంఖ్యలో ఉండేవారు. రోగాలు, తుపాకులు, మత్తు కలిసి ఆ వేలను పదుల్లోకి తెచ్చాయి. 2011 లెక్కల్లో మిగిలింది 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అని పిలిచే ముసలావిడ, 2010 జనవరిలో చనిపోయింది. చివరి ఏళ్ళలో ఆ భాషలో మాట్లాడడానికి ఆవిడకు ఇంకో మనిషి లేకపోయాడు. ఒక భాష అలా ఆరిపోయిన దీవుల్లో, పక్క భాష మాట్లాడే కొద్ది మందిని మనం విహారయాత్రలో ఒక దృశ్యంగా అమ్ముకోవచ్చా?

ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఈ విషయంలో మౌనంగా లేదు. జారవాల అడవి గుండా పోయే భాగంలో ఆ రోడ్డును మూసేయాలని 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్డు మూతపడలేదు. 2004లో ప్రభుత్వమే జారవా విధానాన్ని ప్రకటించింది. వాళ్ళ జీవితంలో బయటివారి జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలన్నదే దాని సారం. 2012 జనవరిలో ఒక విదేశీ పత్రిక బయటపెట్టిన వీడియో మీకు గుర్తుండే ఉంటుంది. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లల చేత యాత్రికుల ముందు నాట్యం చేయించిన వీడియో అది. దేశమంతా సిగ్గుపడింది. ఆ ఏడే నిబంధనలను సవరించి శిక్షలు పెంచారు. 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆ దారిలో యాత్రికులను నిషేధించింది. మార్చిలో ఆ నిషేధం తొలగింది. మీ వ్యాపారం నిలబడి ఉన్నది ఆ తొలగింపు మీద.

కాబట్టి మీ మొదటి సమాధానం నాకు తెలుసు. "చట్టం ఒప్పుకుంటోంది కదా, పోలీసులే దగ్గరుండి తీసుకెళ్తున్నారు కదా." నిజమే. కాన్వాయ్‌లో వెళ్ళడం నేరం కాదు. అయితే ఆ కాన్వాయ్ ఎందుకు పెట్టారు? బండి ఆపకుండా, అద్దం దించకుండా, ఎవరినీ చూడబోకుండా దాటి పొమ్మని. చూడవద్దని పెట్టిన ఏర్పాటును "చూసే అవకాశం" అని ప్రకటించడం ఏ చట్టం ఇచ్చిన హక్కు? చెక్‌పోస్టు బోర్డు ఒకటి చెబుతుంటే మీ కరపత్రం దానికి సరిగ్గా ఎదురు చెబుతోంది. కిటికీలోంచి చెయ్యి చాచినవాడిది తప్పే. కానీ ఆ చూపుకు ధర కట్టి, ముందే ఆశ పెట్టి అతణ్ని ఆ సీట్లో కూర్చోబెట్టింది ఎవరు?

రెండో సమాధానం, "రోడ్డు మూసేస్తే ఉత్తరాన ఉన్న జనం ఏమైపోవాలి?" ఇది బరువైన ప్రశ్న. దీన్ని నేను తోసిపుచ్చను. మా బాబాయి నలభై ఏళ్ళ కిందట శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. తిరుగు ప్రయాణంలో ఆయన ఇంట్లో దిగి జరిగింది చెబితే ఆయన అన్నమాట ఇది: "మాకంటే ఆసుపత్రికీ సరుక్కీ ఆ రోడ్డు కావాలమ్మా. చూడ్డానికొచ్చినోళ్ళకి ఓడ చాలదా?" రంగత్‌లోనో మాయాబందర్‌లోనో ఉన్న తల్లి నొప్పులొచ్చి అంబులెన్స్‌లో ఆ దారిన పోవడమూ, మనం సెలవుల్లో సరదాకి పోవడమూ ఒకటి కావు. దీవివాసుల అవసరాన్ని మీ గిరాకీకి అడ్డుపెట్టుకోవడం ఆ దీవివాసులకే అన్యాయం. ఆ రోడ్డు మీద వాళ్ళకున్న హక్కు గురించి వాళ్ళు ప్రభుత్వంతో మాట్లాడుకుంటారు. నేను మీతో మాట్లాడుతున్నది మన గురించి, డబ్బు కట్టి వెళ్ళే మన గురించి.

మూడో సమాధానం, "బారాటాంగ్‌లో పడవలవాళ్ళు, గైడ్లు, హోటళ్ళవాళ్ళు మన మీదే బతుకుతున్నారు." బతకాలి. వాళ్ళ పొట్ట కొట్టమని ఎవరూ అడగడం లేదు. బారాటాంగ్‌కు సముద్ర మార్గం ఉంది. యాత్రికుడు ఓడ దిగినా బస్సు దిగినా, నీలంబూర్ రేవు నుంచి మడ అడవుల మధ్యగా గుహలకు తీసుకెళ్ళే పడవకు అదే కిరాయి వస్తుంది. అవసరమైనన్ని ఓడలు, అనువైన వేళలు లేవంటారా? అప్పుడు మీరంతా కలిసి అక్కడి అధికారుల దగ్గరికి వెళ్ళి ఓడలు పెంచమని అడగాలి. విమానాల వేళలు మారిస్తే అందరూ కలిసి వినతిపత్రాలు ఇస్తారు కదా? ఈ ఓడ కోసం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చారు?

నాలుగో సమాధానం ఒకటుంది. అది నన్ను ఎక్కువగా బాధపెట్టింది. "వాళ్ళు ఎన్నాళ్ళని అలా ఉంటారు మేడమ్, నలుగురు మనుషుల మొహాలు చూస్తేనే కదా బాగుపడేది" అని మీవాళ్ళే ఒకరు అన్నారు. ఎలా ఉండాలన్నది, ఎప్పుడు, ఎంత మారాలన్నది ఆ జనమే తేల్చుకోవలసిన విషయం. 2004 సునామీ దీవులను అతలాకుతలం చేసినప్పుడు వాళ్ళు తమ తెలివితో తాము బతికి బయటపడ్డారు. 2025 జనవరిలో జారవాల్లో కొందరికి మొదటిసారిగా ఓటరు గుర్తింపు కార్డులు అందాయి. మీకూ నాకూ ఉన్న ఓటే వాళ్ళకూ ఉంది. ఒక ఓటరు బొమ్మను అతని అనుమతి అడగకుండా, మొసలి పక్కన వేసి సరుకు అమ్ముకోవచ్చా? కిటికీలోంచి పడే బిస్కెట్ పొట్లం ఎవరిని బాగుచేస్తుంది?

ఇది ఎక్కడో సముద్రం అవతలి సంగతి అని మీరు అనుకుంటే, ఒక్కసారి మన ఇంటి వైపు చూడండి. ప్రత్యేక రక్షణ అవసరమైన ఆదిమ తెగల జాబితాలో జారవాలతో పాటు మన నల్లమల చెంచులు కూడా ఉన్నారు. అదే నల్లమలలో హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డును రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు మూసేస్తారు. ఎందుకు? పులుల కోసం, అడవి జంతువుల కోసం. మల్లన్న దర్శనానికి పోయే భక్తుడు కూడా మన్ననూరు గేటు దగ్గర ఆగి, తెల్లారేదాకా కూర్చుని, ఇది న్యాయమే అనుకుని వెళ్తాడు. మీ బస్సులూ ఆగుతాయి. పులి నిద్ర కోసం ఆగగలిగిన మనం, చంకలో బిడ్డతో రోడ్డు పక్కన నిలబడ్డ తల్లి కోసం దారి మార్చుకోలేమా?

అండమాన్‌తో మనకున్నది చుట్టపుచూపు సంబంధం కాదు. 2011 లెక్కల్లో ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మంది తెలుగును తమ మాతృభాషగా చెప్పారు. విశాఖ నుంచి ఓడలెక్కి, వలలు భుజాన వేసుకుని వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల సంతతి వాళ్ళలో ఎందరో. అంతకు ముందే, 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడిన గిరిజన యోధులను బ్రిటిష్‌వాళ్ళు ఆ దీవులకే పంపారు. తమ అడవిలోకి బయటివాడి పెత్తనం వచ్చిందనే వాళ్ళు అల్లూరి వెంట నడిచారు. సెల్యులార్ జైలు గోడల దగ్గర మీ గైడు ఆ త్యాగాల గురించి గొంతు గద్గదమయ్యేలా చెబుతాడు. రెండో రోజు పొద్దున అడవి మనుషుల పోరాటానికి దండం పెట్టించి, మూడో రోజు పొద్దున ఇంకో అడవి మనుషుల్ని కిటికీలోంచి చూపించడం మీకు సబబుగా తోస్తోందా?

మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం తెచ్చుకున్నాం. దాని కోసం ఎందరు పోరాడారో మనకు తెలుసు. బయటివాడు ఒక రోడ్డు పట్టుకుని వస్తే దాని వెనక ఏమేం వస్తాయో మన్యం చూసిన తెలుగువాడికి ఇంకొకరు చెప్పాలా? మొదట చూడ్డానికి వస్తారు. తరువాత ఇవ్వడానికి వస్తారు. ఆ తరువాత తీసుకోవడానికి వస్తారు. జారవా అడవిలో పందుల్ని, చేపల్ని, పీతల్ని దొంగతనంగా పట్టుకుపోయేవాళ్ళు, సారా, పొగాకు అలవాటు చేసేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. వాళ్ళూ మీరూ ఒకటని నేను అనను. కానీ అక్కడి మనిషి మన వినోదం కోసం ఉన్నాడన్న ఆలోచనను నలుగురిలో మామూలు మాటగా మార్చింది మీ కరపత్రాలే.

ఇందులో మా ప్రయోజనం కూడా ఉంది. కుటుంబంతో రోడ్డు ప్రయాణం పిల్లలకు ఒక బడి. మేం పన్నెండు నెలలు కూడబెట్టిన డబ్బు మీ చేతిలో పోసి, మా పిల్లలకు సముద్రం చూపించండి, అడవి చూపించండి, ఇంకో రకంగా బతికే మనుషుల్ని గౌరవించడం నేర్పండి అని పంపుతున్నాం. ఆ మూడో రోజు పొద్దున మా అబ్బాయి నేర్చుకున్నది ఏమిటి? మనిషిని చూస్తే బండి నెమ్మదిగా పోనిచ్చి కిటికీకి రావాలని. అది వాడి మనసులోంచి తుడవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పూర్తిగా పోయిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఎవరి ఇంటికైనా వెళ్ళాలంటే తలుపు తట్టాలని, వాళ్ళు రమ్మంటేనే లోపలికి వెళ్ళాలని మనమే నేర్పుతాం కదా? మరి ఆ తలుపు మేం ఎప్పుడు తట్టాం? ఎవరు రమ్మన్నారు?

"అది తీసేస్తే మూడో రోజు ఏం మిగుల్తుంది" అన్న ప్రశ్నకు కూడా జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ దీవుల మీద నాకున్న ప్రేమ తగ్గలేదు.

వాండూర్ నుంచి పడవెక్కితే పదిహేను దీవుల మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం ఉంది. అద్దాల అడుగున్న పడవలోంచి పగడపు దిబ్బలు చూస్తే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. చిడియా టాపు దగ్గర అడవి సముద్రం మీదికి వంగి ఉంటుంది. సాయంత్రం పక్షుల గోల వింటూ అక్కడ కూర్చుంటే మా అత్తగారు లేవనన్నారు. షహీద్ ద్వీప్‌లో పోటు తగ్గినప్పుడు రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళలో సముద్రం తన సొత్తునంతా పరిచి చూపిస్తుంది. వర్షారణ్యం మధ్య నడవాలన్న కోరిక ఉంటే మౌంట్ మణిపూర్ జాతీయ ఉద్యానంలో నడక దారులున్నాయి. అక్కడి చెట్లూ అవే, గాలీ అదే. ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు.

డిగ్లీపూర్ దాకా పోవాలనుకునేవాళ్ళకు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఓడ ఉంది. ఒక రోజు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి. తీరం వెంబడి ఓడ మీద వెళ్తూ చూస్తే, ఆ అడవి రోడ్డు మీద నుంచి కనిపించిన దానికంటే పెద్దదిగా, తనదిగా కనిపిస్తుంది. డిగ్లీపూర్‌లో దిగాక బండి మాట్లాడుకుని ఎంత తిరిగినా ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఇసుక తిన్నెతో కలిసిన రాస్, స్మిత్ జంట దీవులు, అండమాన్‌లో అన్నిటికంటే ఎత్తైన సాడిల్ పీక్, చలికాలం రాత్రుల్లో గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు ఒడ్డుకు వచ్చే కాలీపూర్ తీరం అన్నీ అక్కడే ఉన్నాయి. రంగత్‌లో దిగితే ఆమ్‌కుంజ్ తీరం, ధనీనాలా మడ అడవిలో చెక్క వంతెన నడక. ఇన్ని ఉంచుకుని మూడో రోజు ఖాళీ అవుతుందంటారా?

కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి. కరపత్రాల్లోంచి, వెబ్‌సైట్లలోంచి, వాట్సాప్ ప్రకటనల్లోంచి జారవాల ప్రస్తావన, వాళ్ళ బొమ్మలు ఈ సీజన్‌కే తీసేయండి. బారాటాంగ్‌ను రోడ్డు దారిన అమ్మడం మానేయండి. సముద్రం దారిన తీసుకెళ్ళండి, వీలుకాకపోతే ఆ రోజును ఇంకో చోటికి మార్చండి. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళతో ఆ దారిన వెళ్ళక తప్పదంటే, బయల్దేరే ముందు రాత్రే కూర్చోబెట్టి ఆ అడవి ఎవరిదో, ఏం చేయకూడదో, ఎందుకు చేయకూడదో తెలుగులో వివరంగా చెప్పండి. బండి నెమ్మదించిన డ్రైవరుకు, అద్దం దించిన యాత్రికుడికి మీ దగ్గర ఇక చోటు లేదని ముందే రాసిపెట్టండి. ఓడలు పెంచమని మీ సంఘాల తరఫున అక్కడి పాలనాయంత్రాంగానికి అర్జీ ఇవ్వండి. ఇవేవీ మీ చేతిలో లేని పనులు కావు. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు, కోర్టు తీర్పు అక్కర్లేదు. 2002 నాటి తీర్పును గౌరవిస్తే చాలు.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. అండమాన్ తప్పకుండా వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. డబ్బు కట్టే ముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "బారాటాంగ్‌కు ఏ దారిన తీసుకెళ్తారు?" జనం అడుగుతున్నారు కాబట్టే అమ్ముతున్నామని వాళ్ళు అంటున్నారు. జనం అంటే మనమే. మనం అడిగేది మారితే వాళ్ళు అమ్మేదీ మారుతుంది.

ఆ తల్లి మనకేసి ఎందుకు చూడలేదని అడిగిన మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. ఈ ఉత్తరంలోని విషయాలన్నీ దానికి చెప్పాను. విని, "అయితే ఈసారి ఓడలో వెళ్దాం" అంది.

వచ్చే డిసెంబరులో మేం మళ్ళీ అండమాన్ వెళ్తున్నాం. మా అపార్ట్‌మెంట్ నుంచి మాతో పాటు ఇంకో మూడు కుటుంబాలు వస్తున్నాయి. డిగ్లీపూర్‌కు ఓడలోనే వెళ్తాం. మమ్మల్ని అలా తీసుకెళ్ళడానికి మీలో ఎవరు సిద్ధంగా ఉన్నారో చెప్పండి.

ఇట్లు,
మీ బండిలో ఒకసారి ఆ దారిన వెళ్ళిన ఒక తల్లి,
విశాఖపట్నం